తడి మట్టిలో వాడిపోయిన నిమ్మ: ఒక కుండీ మొక్క కేస్ స్టడీ

మొక్కను పెంచుతున్న ఆవిడ మొక్కల వైద్యుడినైన నాకు ఫోను చేసేసరికి ఆ నిమ్మ మొక్క తొమ్మిది వారాలుగా జబ్బుతో ఉంది. ఆ తొమ్మిది వారాల్లో దానికి జరగని వైద్యం లేదు. ఆకులు పాలిపోయాయని యూరియా వేశారు. పచ్చదనం తిరిగి రాలేదని మెగ్నీషియం సల్ఫేటు కలిపి పోశారు. వేరుకు బలమని సముద్రపు నాచు ద్రావణం ఇచ్చారు, పురుగేమోనన్న అనుమానంతో వేపనూనె చల్లారు. వీటి మధ్య, మొక్క తల వాల్చిన ప్రతిసారీ ఒక బకెట్టు నీళ్లు. కొండనాలుకకు మందు వేస్తే ఉన్న నాలుక ఊడినట్టు, ప్రతి చికిత్స తరవాతా మొక్క ఇంకాస్త దిగజారింది.

ఇంత వివరంగా చెప్పగలుగుతున్నానంటే ఆవిడ రాసుకున్న నోటు పుస్తకమే కారణం. ఏ రోజు ఏం వేశారో, ఎంత వేశారో, మర్నాడు మొక్క ఎలా ఉందో అందులో తేదీలతో సహా ఉంది. రోగి నోరు విప్పలేని ఈ వృత్తిలో అలాంటి పుస్తకం దొరకడం అరుదు. కుండీ మొక్కలు చనిపోవడానికి నేను ఎక్కువగా చూసే కారణం కూడా ఈ కేసులో ఉన్నదే. అందుకే దీన్ని మొదటి నుంచి చివరిదాకా రాస్తున్నాను.

మొక్క చరిత్ర

అంటుకట్టిన నిమ్మ, వయసు నాలుగేళ్లు. ప్రస్తుత కుండీలోకి మార్చి రెండేళ్లయింది. కుండీ 16 అంగుళాల నల్ల ప్లాస్టిక్‌ది, కింద నీళ్లు పట్టే పళ్లెం. డాబా మీద, పడమటి ఎండ నేరుగా తగిలే చోట ఉంది. తోట మట్టి, కొబ్బరి పొట్టు, వర్మీకంపోస్టు సమపాళ్లలో కలిపారు. నీరు బాగా దిగాలని అడుగున రెండు అంగుళాల మేర కంకర పరిచారు. ఈ కంకర సంగతి తరవాత చెబుతాను.

నోటు పుస్తకం ప్రకారం మొదటి లక్షణం లేత ఆకులు పాలిపోవడం. రెండో వారంలో యూరియా, పెద్ద చెంచాడు. నాలుగో వారం నుంచి మధ్యాహ్నం వేళ ఆకులు వేలాడటం మొదలైంది. అక్కడి నుంచి రోజుకు ఒక్కసారి పోసే నీళ్లు రెండుసార్లయ్యాయి. ఆరో వారంలో ముదురు ఆకులు కూడా పసుపుబారి రాలసాగాయి. ఎనిమిదో వారంలో సాయంత్రానికి తేరుకునే మొక్క ఇక తేరుకోవడం మానేసింది.

ఆఖరి వాక్యాన్ని ఆవిడ చిన్న అక్షరాలతో, పేజీ అంచున రాశారు. నా దృష్టిలో ఆ పుస్తకంలో అన్నిటికంటే విలువైన వాక్యం అదే.

మొదటి రోజు మధ్యాహ్నం, మర్నాడు తెల్లవారుజామున

నేను వెళ్లింది మధ్యాహ్నం మూడింటికి. ఆకులన్నీ కిందికి వాలి, అంచులు లోపలికి ముడుచుకుని ఉన్నాయి. మధ్యాహ్నం మొక్క వాడిపోవడం చూసి నేను ఏ నిర్ణయమూ తీసుకోను. ఎండ తీవ్రంగా ఉన్నప్పుడు ఆకుల నుంచి ఆవిరయ్యే నీటిని వేర్లు అంత వేగంగా అందించలేకపోతే ఆరోగ్యమైన మొక్క కూడా కాసేపు వాలుతుంది. ఆ పూట రెండు పనులే చేశాను. ఒక ఉష్ణమాపకాన్ని పడమటి వైపు కుండీ గోడకు రెండు అంగుళాల లోపల మట్టిలో గుచ్చాను, ఇంకొకటి నడిమధ్యన. గోడ పక్కన 46 డిగ్రీల సెల్సియస్, మధ్యలో 34. తరవాత ఆవిడకు ఒక్క మాట చెప్పాను.

"ఈ సాయంత్రం నీళ్లు పోయకండమ్మా. రేపు సూర్యుడు రాకముందే వస్తాను."

"ఇంత వాడిపోయి ఉంటే చూస్తూ ఊరుకోమంటావా బాబూ?" అన్నారు. ఆ గొంతులో కోపం లేదు, భయం ఉంది. ఊరుకోవడం కూడా పరీక్షలో భాగమేనని చెప్పి ఒప్పించాను.

తెల్లవారుజామున ఎందుకంటే, రాత్రి ఆకుల పత్రరంధ్రాలు చాలావరకు మూసుకుని ఉంటాయి. నీటి ఖర్చు దాదాపు ఆగిపోతుంది. వేర్లు పనిచేస్తుంటే, మట్టిలో తడి ఉంటే, తెల్లవారేసరికి మొక్క తన లోటు పూడ్చుకుని ఆకులు నిలబెట్టాలి. అలా నిలబెట్టలేదంటే రెండే దారులు: మట్టిలో నీరు లేదు, లేదా నీరు ఉన్నా పైకి వెళ్లే మార్గం చెడింది. నేను వెళ్లేసరికి ఆకులు ముందురోజు మధ్యాహ్నం ఎలా ఉన్నాయో అలాగే వేలాడుతున్నాయి.

ఇక ఆ రెంటిలో ఏదో తేల్చడానికి పెద్ద పరికరాలు అక్కర్లేదు. ఇద్దరం కలిసి పట్టుకుంటే కుండీ అతి కష్టం మీద కదిలింది. పైమట్టి మాత్రం ఎండి, తెల్లటి పొర కట్టి, పగుళ్లు ఇచ్చి ఉంది. ఆవిడ రోజూ చూస్తున్నది ఆ రెండు సెంటీమీటర్లే. సన్నని వెదురు పుల్లను 20 సెంటీమీటర్ల లోతుకు దింపి, కాసేపు ఉంచి తీశాను. పై మూడు వేళ్ల మేర పొడిగా వచ్చింది. ఆ కింద అంతా నల్లటి బురద, కుళ్లిన కోడిగుడ్డు వాసన. ఆ వాసన హైడ్రోజన్ సల్ఫైడుది. మట్టిలో దాన్ని పుట్టించేవి గాలి అందని చోట బతికే బాక్టీరియా. ఆ వాసన వచ్చిందంటే, అక్కడ వేరు ఊపిరి తీసుకోవడం ఆగి చాలా రోజులయిందని అర్థం.

ఆవిడ ఆ పుల్లను చేతిలోకి తీసుకుని వాసన చూశారు. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు.

ఆకులు చెప్పిన రెండు కథలు

మొక్కలో పసుపు ఎక్కడ మొదలయింది, ఎలా పరచుకుంది అన్నదాన్ని బట్టి సగం నిర్ధారణ జరిగిపోతుంది. నత్రజని, మెగ్నీషియం, పొటాష్ మొక్క లోపల కదలగల పోషకాలు. కొరత వస్తే మొక్క ముదురు ఆకుల్లోంచి వాటిని తీసి చిగుళ్లకు పంపుతుంది. అందుకే ఆ లోపాలు కింది ఆకుల్లో ముందు కనిపిస్తాయి. ఇనుము అలా కదలదు. ఎక్కడ చేరిందో అక్కడే ఉండిపోతుంది, అందువల్ల దాని లోపం కొత్త చిగుళ్లలో బయటపడుతుంది.

ఈ నిమ్మలో రెండూ ఒకేసారి ఉన్నాయి. చిగురాకులు నిమ్మపండు రంగులో ఉండి, ఈనెలు మాత్రం సన్నటి ఆకుపచ్చ వలలా నిలిచాయి. ఇది ఇనుము లోపపు గుర్తు. ముదురు ఆకులు ఈనెలతో సహా మొత్తంగా పాలిపోయాయి, ఇది నత్రజనిది. మెగ్నీషియం లోపమైతే నిమ్మ జాతి ముదురు ఆకుల్లో తొడిమ దగ్గర తలకిందులైన 'వి' ఆకారంలో పచ్చదనం మిగులుతుంది. ఒక్క ఆకులో కూడా అది లేదు. ఆవిడ మూడుసార్లు పోసిన మెగ్నీషియం సల్ఫేటు అవసరం ఈ మొక్కకు ఏనాడూ లేదన్నమాట.

ఒక్కో మొక్కలో ఒకే లోపం ఉంటే, అది ఎరువు కథ కావచ్చు. ఒకదానితో ఒకటి సంబంధం లేని రెండు మూడు లోపాలు ఒకేసారి కనిపిస్తే నేను ఎరువుల డబ్బా వైపు చూడను, వేరు వైపు చూస్తాను. పోషకాలన్నీ ఒకే గుమ్మం గుండా లోపలికి రావాలి కదా. ఆ గుమ్మమే మూతపడితే మట్టిలో ఎన్ని ఉండి ఏం లాభం?

కొట్టిపారేయాల్సినవి ఇంకా కొన్ని ఉన్నాయి. అన్నిటికంటే నేను భయపడింది గ్రీనింగ్ తెగులుకు. సిల్లా అనే చిన్న పురుగు మోసుకొచ్చే బాక్టీరియా వల్ల నిమ్మ జాతికి వచ్చే ఈ తెగులుకు నయం చేసే మందు లేదు. దాని గుర్తు ఆకు మీద మచ్చమచ్చలుగా వచ్చే పసుపు, అదీ నడిమి ఈనెకు ఇరువైపులా సమానంగా ఉండదు. పోషక లోపపు పసుపు రెండు వైపులా ఒకేలా ఉంటుంది. భూతద్దంతో ముప్పై ఆకులకు పైగా చూశాను. అన్నీ సమానంగానే ఉన్నాయి. ఆకుల వెనక నాలుగైదు పొలుసు పురుగులు, రెండు మూడు ఆకుల మీద ఆకుతొలుచు పురుగు చేసే పాముపొడ గీతలు. మొక్కను చంపగలిగినంత పురుగు ఏదీ లేదు. వేపనూనె ఎండలో చల్లడం వల్ల కొన్ని ఆకులపై గోధుమ రంగు మచ్చలు మిగిలాయి. వాటికీ అసలు జబ్బుకీ సంబంధం లేదు.

మొదలు దగ్గర కంపోస్టు పోగుపడి అంటు దాకా కప్పేసి ఉంది. దాన్ని చేత్తో తొలగించి, గోరుతో బెరడు గీరి చూశాను. కింద పచ్చగా, తడిగా ఉంది. బంక కారిన జాడ లేదు. ఆ పచ్చదనం చూశాకే ఆవిడతో "బతికించడానికి ప్రయత్నించవచ్చు" అన్నాను. ఆ ముందు ఆ మాట అనలేదు.

కింద కారిన నీరు

కుండీ పైన నీళ్లు పోసి, అడుగు నుంచి కారిన నీటిని పట్టి కొలిచే పద్ధతి ఒకటి ఉంది. వేర్ల చుట్టూ ఏముందో తవ్వకుండా తెలుసుకునే మార్గం అది. పళ్లెం తీసి, కుండీని రెండు ఇటుకల మీదికి ఎక్కించి, లీటరు నీళ్లు పోశాం. అవి మట్టిలోకి దిగడానికి నాలుగు నిమిషాలు పట్టింది. అడుగు నుంచి మొదటి చుక్క రావడానికి పదకొండు నిమిషాలు. మంచి మిశ్రమంలో పోసిన నీరు క్షణాల్లో దిగి, నిమిషంలోపే కింద కనిపించాలి.

కారిన నీటి ఉదజని సూచిక, అంటే పీహెచ్, 7.9 ఉంది. లవణ సాంద్రత, అంటే నీటిలో కరిగిన ఉప్పును విద్యుత్ వాహకతతో కొలిచే లెక్క, మీటరుకు 3.6 డెసీసీమెన్స్. ఆవిడ పోసే కుళాయి నీటి పీహెచ్ 7.8, లవణ సాంద్రత 0.8. నిమ్మ జాతికి 5.5 నుంచి 6.5 మధ్య పీహెచ్ బాగా సరిపోతుంది. 7 దాటాక మట్టిలో ఇనుము ఎంత ఉన్నా అది మొక్క తీసుకోలేని రూపంలోకి గడ్డకట్టుకుపోతుంది. కుళాయి నీటిలోని బైకార్బొనేట్లు రోజుకు రెండుసార్లు చొప్పున కుండీలోకి చేరుతూ పీహెచ్‌ను అలా పైకి నెట్టాయి. నిమ్మ ఉప్పును ఓర్చుకునే మొక్క కూడా కాదు. యూరియా, మెగ్నీషియం సల్ఫేటు, పళ్లెంలో నిలిచి మళ్లీ పైకి పీల్చుకున్న నీరు, అన్నీ కలిసి ఆ 3.6 అయ్యాయి.

కుండీ విప్పినప్పుడు

మొక్కను పక్కకు పడుకోబెట్టి కుండీని లాగాం. అడుగు కంకరలోకి మట్టి దిగి సిమెంటులా బిగిసిపోయింది. నాలుగు రంధ్రాల్లో మూడింటిని వేర్లూ మట్టీ కలిసి మూసేశాయి.

కంకర పరిస్తే నీరు బాగా దిగుతుందన్న నమ్మకం ఎంతో మందికి ఉంది. ఎంతో ప్రేమగా చేసే పని అది. ఒక స్పాంజిని తడిపి, బల్లపరుపుగా పట్టుకుని, చుక్కలు ఆగేదాకా చూడండి. తరవాత దాన్ని నిలువుగా తిప్పండి. మళ్లీ నీరు కారుతుంది. అంటే, అడుగున నిలిచిపోయే నీటి పొర ఎత్తు స్పాంజి గుణాన్ని బట్టి ఉంటుంది. స్పాంజి పొడుగైతే ఆ పొర పైన పొడి భాగం ఎక్కువ మిగులుతుంది. కుండీలోనూ అంతే. సన్నటి మట్టి అడుగున ఒక పొర ఎప్పుడూ నీటితో నిండే ఉంటుంది, ఎందుకంటే సన్నటి రేణువుల మధ్యనున్న నీరు పెద్ద ఖాళీల్లోకి తనంతట తాను దిగదు. కంకర పరిస్తే ఆ నిండు పొర ఎక్కడికీ పోదు, కంకర మందమంత పైకి జరుగుతుంది. వేర్లకు మిగిలిన చోటు ఆ మేరకు తగ్గిపోతుంది.

వేర్ల ముద్ద కింది సగం నల్లగా, మెత్తగా ఉంది. ఒక పీచు వేరును రెండు వేళ్ల మధ్య పట్టుకుని మెల్లగా లాగితే పై తొక్క జారి చేతిలోకి వచ్చింది. లోపల సన్నటి దారం లాంటి నడిమి భాగం మిగిలింది, ఎలుక తోకలా. ఫైటాఫ్తొరా అనే శిలీంధ్రం లాంటి జీవి నిమ్మ వేర్లను కుళ్లబెట్టినప్పుడు సరిగ్గా ఇలాగే కనిపిస్తుంది. దాని బీజాలు నీటిలో ఈదుకుంటూ వేరు నుంచి వేరుకు చేరతాయి. నిలిచిన నీరు వాటికి పరచిన బాట. ప్రయోగశాల పరీక్ష లేకుండా దాన్ని నూటికి నూరు పాళ్లూ ధ్రువీకరించలేం కనుక నా రికార్డులో 'బలమైన అనుమానం' అని రాసుకున్నాను.

పడమటి వైపు వేర్లు వేరే రకంగా చచ్చాయి. అవి కుళ్లలేదు, గోడకు అంటుకుని గోధుమ రంగులో పెళుసుగా విరిగాయి. 46 డిగ్రీల వేడి చేసిన పని అది. మిగిలిందల్లా పైన, తూర్పు వైపున, మొత్తంలో మూడో వంతు. అక్కడ ఇంకా లేత పసుపు వేర్లు, ఒకటి రెండు తెల్ల కొనలు ఉన్నాయి.

అప్పుడు రోగ క్రమం స్పష్టమయింది. రెండేళ్లలో కొబ్బరి పొట్టూ కంపోస్టూ కుళ్లి, మట్టి కుంగి, గాలి ఖాళీలు పోయాయి. నీటిలో ఆక్సిజన్ గాలిలో కంటే దాదాపు పది వేల రెట్లు నెమ్మదిగా కదులుతుంది. ఊపిరాడని వేరు తన నీటి ద్వారాలను మూసేసుకుంటుంది, అందుకే మొక్క నీళ్లలో నిలబడి దాహంతో వాడింది. అలా వాడిపోవడం చూసి ఇంకా నీళ్లు పోశారు. చచ్చిన వేర్ల మీద తెగులు పడింది. పీహెచ్ పెరిగి, ఇనుమును అందుకునే వేరు కొనలు పోయి, చిగుళ్లు పాలిపోయాయి. దాని మీద వేసిన యూరియా పుండు మీద కారమే అయింది.

చికిత్స: ఏది ముందు, ఏది తరవాత

చాలా ఏళ్ల కిందట ఇలాంటి లక్షణాలతోనే ఒక బత్తాయి కుండీ నా దగ్గరికి వచ్చింది. పసుపు చూసి ఇనుము ఇచ్చాను, వేర్లు చూడలేదు. రెండు వారాల్లో చెట్టు పోయింది. అప్పటి నుంచి ఒక వరుస తప్పను: ముందు గాలి, తరవాత నీరు, కొత్త వేరు కంటికి కనిపించాక మాత్రమే ఆహారం, ఆకు కుదుటపడ్డాక నీడ నుంచి వెలుగు.

మొదట కాయలు. మొక్క మీద పదకొండు పిందెలు, ఒక గుత్తి మొగ్గలు ఉన్నాయి. చావుకు దగ్గరపడిన మొక్క తరచుగా విపరీతంగా పూస్తుంది. అన్నీ తీసేయాలని చెప్పినప్పుడు ఆవిడ కత్తెర నాకివ్వలేదు. తానే ఒక్కొక్కటీ కోసి కొంగులో వేసుకున్నారు.

చచ్చిన వేర్లను స్పిరిటుతో తుడిచిన కత్తెరతో తీశాను. ప్రతి నాలుగైదు కోతలకు మళ్లీ తుడుస్తూ వెళ్లాను. బతికి ఉన్న మూడో వంతు జోలికి పోలేదు, దాని చుట్టూ ఉన్న మట్టిని కడిగేయలేదు. వేర్లన్నీ నీళ్లతో కడిగి బోసిగా చేయాలనే పద్ధతి ఉంది. ఇంత తక్కువ వేరు మిగిలిన మొక్క దాన్ని తట్టుకోదని నా అభిప్రాయం. కొమ్మల్లో లేత భాగాన్ని దాదాపు మూడో వంతు కత్తిరించాను. ఆరోగ్యమైన మొక్కను కుండీ మార్చేటప్పుడు నేను కొమ్మలు కొట్టను, ఎందుకంటే కొత్త వేర్లకు తిండి ఆకులే ఇస్తాయి. కానీ మూడింట రెండు వంతుల వేరు పోయినప్పుడు ఆ ఆకులన్నిటికీ నీరు పంపే శక్తి కింద లేదు.

కొత్త కుండీ 12 అంగుళాలది, లేత రంగుది. పెద్ద మొక్కను చిన్న కుండీలో పెడతారా అని ఆవిడ ఆశ్చర్యపోయారు. వేర్లు చేరని మట్టిలో నీటిని తాగేవాళ్లెవరూ ఉండరు. అది తడిగానే ఉండిపోయి మళ్లీ అదే కథ మొదలవుతుంది. కుండీ కొలత వేరును బట్టి ఉండాలి. మిశ్రమం ఇలా: చిక్కుడు గింజంత ముక్కలుగా ఉన్న పైన్ బెరడు రెండు పాళ్లు, పెర్లైట్ అనే తేలికైన తెల్లటి గుళికలు ఒక పాలు, మాగిన కంపోస్టు ఒక పాలు. అన్నిటినీ జల్లెడ పట్టి దుమ్ము పారేశాం. అడుగున రంధ్రాల మీద ఒక వల ముక్క, అంతే, కంకర లేదు. అంటు మట్టికి నాలుగు వేళ్ల పైన ఉండేలా నాటాం.

ఫైటాఫ్తొరా అనుమానం కారణంగా ఫోసెటైల్ అల్యూమినియం అనే తెగులు మందును ఒక్కసారి, లేబుల్‌పై నిమ్మ జాతికి చెప్పిన మోతాదులో, ఆకుల మీద పిచికారీ చేశాను. ఆకుల నుంచి కిందికి వేర్ల దాకా ప్రయాణించగల కొద్ది మందుల్లో అది ఒకటి. వేర్లు తాగలేని స్థితిలో మట్టిలో మందు పోయడం వృథా. హైడ్రోజన్ పెరాక్సైడు పోయమంటారా అని ఆవిడ అడిగారు, వద్దన్నాను. అది కొద్దిసేపట్లోనే విడిపోతుంది, పోతూ పోతూ మంచి సూక్ష్మజీవుల్ని కూడా చంపుతుంది. ఇరుకు మట్టికి శాశ్వతంగా గాలి ఇవ్వడం దాని వల్ల కాదు.

నీటి విషయంలో ఆవిడ కంటిని నమ్మవద్దన్నాను, నా కంటిని కూడా. కుండీని తూకం యంత్రం మీద పెట్టాం. నిండా తడిపి, కారడం ఆగాక 13.5 కిలోలు. బరువు 10.5కి దిగేదాకా చుక్క నీరు పోయకూడదు, పోసినప్పుడు అడుగు నుంచి ధారగా కారేదాకా పోయాలి. పళ్లెం ఇక లేదు. సగం వెలుతురు ఆపే నీడవల కింద, గాలి నేరుగా కొట్టని తూర్పు మూలకు మొక్కను మార్చాం.

ఆ తరవాతి వారాలు

ఆరో రోజు తెల్లవారుజామున ఆకులు సగం మేర లేచాయని ఫోను వచ్చింది. తొమ్మిదో రోజు నుంచి రాలడం మొదలయింది. ఐదు రోజుల్లో నలభైకి పైగా ఆకులు. ఆవిడ ఏడ్చినంత పని చేశారు. నేను అడిగింది ఒక్కటే: "వాటంతట అవే రాలుతున్నాయా, ఎండి కొమ్మకే వేలాడుతున్నాయా?" రాలుతున్నాయన్నారు. ఆకును విడిచిపెట్టడానికి కొమ్మ బతికి ఉండాలి. తొడిమ దగ్గర ఒక పొర కట్టి తుంచివేయడం జీవమున్న కణాలు చేసే పని. ఆకులు ఎండి అంటిపెట్టుకునే ఉంటే ఆ కొమ్మ చచ్చిందని లెక్క. పడమటి వైపు ఒక్క కొమ్మ మాత్రం అలా ఎండింది. దాన్ని పచ్చ కనిపించేదాకా వెనక్కి కోశాం.

ఈ రోజుల్లో మొక్కకు ఏదో ఒకటి చేయాలన్న ఆత్రుతను అణచుకోవడమే అసలు కష్టం. బరువు 10.5కి దిగడానికి మొదటి విడత తొమ్మిది రోజులు పట్టింది, రెండోసారి ఏడు, మూడోసారి ఐదు. నోటు పుస్తకంలో ఆ అంకెలు చూసినప్పుడు నాకు నమ్మకం కలిగింది. ఆకులేవీ కొత్తగా రాకముందే, కుండీ త్వరగా తేలికవుతోందంటే కింద వేర్లు తాగడం మొదలుపెట్టాయన్నమాట.

22వ రోజున కుండీ వంచి అడుగు రంధ్రం గుండా టార్చి వేసి చూశాను. తెల్లటి వేరు కొన ఒకటి బెరడు ముక్క మీదుగా పాకుతోంది. ఆవిడను పిలిచి చూపించాను. అప్పుడు మొదటిసారి ఆహారం ఇచ్చాం: నిమ్మ జాతికి వాడే ద్రవ ఎరువు పావు మోతాదులో, దానితో పాటు ఈడీడీహెచ్‌ఏ అనే రసాయనంతో కట్టిన ఇనుము సగం మోతాదులో. ఇనుము మందుల్లో తేడా తెలియక చాలామంది నష్టపోతారు. ఈడీటీఏ అనే మరో రసాయనంతో కట్టిన ఇనుము పీహెచ్ 6.5 దాటితే విడిపోయి పనికిరాకుండా పోతుంది. ఎర్రగా ఉండే ఈడీడీహెచ్‌ఏ ఇనుము క్షారపు మట్టిలో కూడా నిలబడుతుంది. కుళాయి నీటిలో సగానికి సగం పట్టి ఉంచిన వాన నీరు కలిపాం. వాన నీరు సహజంగానే కొద్దిగా ఆమ్ల గుణంతో ఉంటుంది, బైకార్బొనేట్లు దాదాపు ఉండవు.

34వ రోజు ఉదయం ఆవిడ ఫోనులో గొంతు మారిపోయింది. "చిగురు వచ్చింది బాబూ, ఎంత బలంగా ఉందో!" ఫొటో చూశాను. నిజంగానే బలంగా ఉంది. ఆకుపచ్చగా, నిటారుగా, మొదలు దగ్గర నుంచి వచ్చింది. ప్రతి ఆకులోనూ మూడు రేకులు. అది ఆవిడ నిమ్మ కాదు. అంటుకు కింద ఉన్న వేరుమొక్క తన సొంత కొమ్మను పంపింది. ఉంచితే నెలల్లో పైనున్న నిమ్మను మింగేస్తుంది. ఈ చికిత్స మొత్తంలో నేను చెప్పలేక చెప్పిన మాట అదే. కత్తెరతో కోయకుండా, పుట్టిన చోట చేత్తో చీల్చి తీసేయమన్నాను, కోస్తే దాని అడుగున మిగిలిన మొగ్గల నుంచి మళ్లీ వస్తాయి. ఆవిడ తీసేశారు. ఆ రోజు పేజీలో ఒక్క పదమే ఉంది: 'తీశాను'.

నిమ్మ సొంత చిగురు 41వ రోజున వచ్చింది, అంటుకు పైన, మూడు చోట్ల. తొమ్మిదో వారానికి పూర్తిగా విచ్చిన కొత్త ఆకులు పద్నాలుగు, ఒక్కదానిలోనూ పసుపు లేదు. పాత పసుపు ఆకుల్లో కొన్ని ఇనుము అందాక కొంత పచ్చబడ్డాయి, మిగతావి అలాగే ఉండి రాలాయి. చికిత్స పనిచేసిందా లేదా అన్నది పాత ఆకుల్లో వెతకకూడదు. నీడవలను పదో వారం నుంచి వారానికి ఒక గంట చొప్పున పెంచుతూ ఉదయపు ఎండకు తెరుస్తూ వచ్చాం. పదహారో వారంలో అడుగు నీరు మళ్లీ కొలిచాను: పీహెచ్ 6.4, లవణ సాంద్రత 1.4. పోసిన నీరు ఇరవై సెకన్లలో కింద కనిపించింది.

పడమటి వైపు కొమ్మ పోయిన చోట ఇప్పటికీ బోసిగా ఉంది. మొక్క ఒక పక్కకు ఒరిగినట్టు కనిపిస్తుంది. వేర్లు కుండీ నిండాక 14 అంగుళాల దానిలోకి మార్చాలి, అప్పుడు ఆ వైపును వెలుగుకు తిప్పి చూస్తాం. చివరిసారి వెళ్లినప్పుడు ఐదు పువ్వులు ఉన్నాయి. ఈ ఏడు కాయ వద్దని చెప్పాను. నాలుగు తుంచి, ఐదోదాని దగ్గర ఆవిడ ఆగారు. ఒక్కటి ఉంచుకోవచ్చా అని అడిగారు. తూకం యంత్రం వైపు, పుస్తకంలో నాలుగు రోజులకోసారి పడుతున్న 10.5 వైపు చూసి, ఉంచమన్నాను.